ఎడారి నీళ్లలో తెడ్డు ప్రయాణం

(సెలవుల్లో ఎక్కడికి? – నెలవారీ శీర్షిక)



మన ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో లాస్ వేగాస్ చూడని ఇల్లు తక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, అత్తమామలు వచ్చినా, నయాగరా అయిపోయాక రెండో యాత్ర అదే. నూవర్క్‌లో విమానం ఎక్కడం, రాత్రి దీపాలు చూడడం, ఒకరోజు గ్రాండ్ కేన్యన్, దారిలో హూవర్ డ్యాము మీద నిలబడి ఒక ఫోటో. ఆ ఫోటోలో మన వెనుక నీలంగా ఒక సరస్సు వుంటుంది. దాన్ని చూసివచ్చామంటాం గాని, దాని ఒడ్డుకు దిగినవాళ్లం చాలా కొద్దిమందిమి. ఈ నెల శీర్షిక ఆ నీటి గురించి.

ఈమధ్య మన పిల్లలు కాలేజీ స్నేహితులతో వెళ్లి, అక్కడ కయాక్ పడవలు అద్దెకు తీసుకుని తిరిగివస్తున్నారు. వచ్చి, “ఈసారి మీరూ రండి” అని పెద్దవాళ్లను లాగుతున్నారు. పెద్దవాళ్లకు రెండు సందేహాలు. ఎడారిలో పడవేమిటన్నది మొదటిది. ఈత రానివాళ్లు దిగవచ్చునా అన్నది రెండోది. మొదటి సందేహం చూస్తే తీరిపోతుంది. రెండోదానికి జవాబు చెప్పడానికే ఇంత రాయవలసి వస్తోంది. ఒక్క వాక్యంలో కావాలంటే ఇదీ: దిగవచ్చు, కాని జాకెట్టు తొడుక్కుని, ఒడ్డు విడవకుండా, పొద్దున్నే, ఆనాటి నీటి సంగతి కనుక్కుని దిగాలి. ఈ నాలుగు షరతుల్లో ఒక్కటి తప్పినా దిగవద్దు. అవి ఎందుకో తెలిస్తే ఎవరూ చెప్పకుండానే మీరే పాటిస్తారు.

పడవ సంగతి

కయాక్ పుట్టింది ఎడారిలో కాదు, ఉత్తర ధ్రువం చుట్టుపట్ల మంచు సముద్రంలో. అక్కడి ఇన్యూట్ ప్రజలు సీలు చర్మాన్ని చట్రానికి బిగించి చేసుకున్న వేటపడవ అది. మన కృష్ణలోనూ తుంగభద్రలోనూ జాలర్లు తిప్పే పుట్టి కూడా ఒకప్పుడు అలాంటిదే: వెదురు బుట్ట అల్లి, దానికి తోలు కప్పేవారు. పుట్టి గుండ్రంగా వుంటుంది కనుక తెడ్డు వేయడం రానివాడు వేస్తే వున్నచోటే గిర్రున తిరుగుతుంది. కయాక్ పొడుగ్గా, సన్నగా వుంటుంది కనుక తిన్నగా పోతుంది. తెడ్డుకు రెండు వైపులా రేకు వుంటుంది; కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున వేసుకుంటూ పోవడమే.

వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి లోపల కాళ్లు చాపుకుని కూర్చునేది. బోల్తాపడితే అందులోంచి బయటికి రావడం నేర్చుకుని వుండాలి. రెండోది పీటలా పైన కూర్చునేది. బోల్తాపడినా మనిషి విడిగా నీళ్లలో పడతాడు, పడవ మునగదు. కొత్తవాళ్లు రెండోదే అడిగి తీసుకోవాలి. ఇద్దరు కూర్చునే పడవలూ దొరుకుతాయి. అందులో వెనుక కూర్చున్నవారు దారి తిప్పుతారు, ముందు కూర్చున్నవారు సలహాలిస్తారు. దంపతులు ఎక్కేముందే ఎవరెక్కడో తేల్చుకోవడం క్షేమం.

కొత్తవాళ్లు గంటకు రెండు మైళ్లు, మహా అయితే మూడు మైళ్లు పోగలరు. ఈ లెక్క గుర్తుంచుకోండి. తరువాత దీనితో పని వుంది.

మట్టం సంగతి

చెరువు వేరు, రిజర్వాయరు వేరు. చెరువు నిండితే అలుగు పారుతుంది, ఎండితే పిల్లలు అందులో బంతాట ఆడతారు. రిజర్వాయరులో నీరు వానదే అయినా దాని మట్టం మనుషుల లెక్క ప్రకారం నడుస్తుంది. ఎగువన ఎంత వచ్చింది, దిగువన ఎవరికెంత వదలాలి, కరెంటుకెంత, పొలానికెంత, తాగడానికెంత అన్నదాని మీద అది పెరుగుతుంది, తగ్గుతుంది. మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులని, శ్రీశైలం 885 అడుగులని చిన్నప్పుడు పేపరులో చదివినవాళ్లమే. కృష్ణ నీటిని రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ పేరు ఇంట్లో వినని తెలుగువాడు లేడు. కొలరాడో నదికీ అలాంటి కథే వుంది. 1922లో ఏడు రాష్ట్రాలు కూర్చుని ఆ నీటిని పంచుకున్నాయి. మంచి తడి సంవత్సరాల లెక్క చూసి పంచుకున్నందువల్ల, నదిలో వున్నదానికంటే కాగితం మీద వున్న నీరు ఎక్కువైంది.

దాని ఫలితం ఇప్పుడు కంటికి కనిపిస్తుంది. హూవర్ డ్యాము ఎత్తు 726 అడుగులు. 1935లో ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ ప్రారంభోత్సవం చేశారు. దాని వెనుక నిలిచిన లేక్ మీడ్ పూర్తి మట్టం సముద్రమట్టానికి 1,229 అడుగులు. 2022 జూలైలో అది సుమారు 1,040 అడుగులకు పడిపోయింది. 1930లలో సరస్సు నిండుతున్న రోజుల తరువాత అంత తక్కువ ఎన్నడూ లేదు. కొండల చుట్టూ తెల్లగా సున్నం కొట్టినట్టు కనిపించే పట్టీ అదే. ఒకప్పుడు నీరు అక్కడిదాకా వుండేదన్నమాట. ఆ ఏడాది పడవలు దింపే ర్యాంపులు చాలావరకు మూతపడ్డాయి. ర్యాంపు చివర నుంచి నీరు దూరంగా జరిగిపోతే పడవ దింపేది ఎక్కడ?

పైన వున్న లేక్ పవెల్ కూడా అంతే. గ్లెన్ కేన్యన్ డ్యాము తలుపులు 1963లో మూస్తే, అది నిండడానికి 1980దాకా పట్టింది. పూర్తి మట్టం 3,700 అడుగులు. 2023 మొదట్లో అది సుమారు 3,519 అడుగులకు దిగింది. ఆ సంవత్సరం మంచు బాగా కురవడంతో మళ్లీ కొంత పెరిగింది.

ఇదంతా ఎందుకు చెప్పవలసి వస్తోందంటే, ఎడారి సరస్సుల్లో పడవదారి రోడ్డులా ఎప్పుడూ ఒక్కచోట వుండదు. నిరుడు వెళ్లినవాళ్లు గీసి ఇచ్చిన పటం ఈ ఏడు పనికిరాకపోవచ్చు. నిరుడు పడవ పోయిన వాగులో ఈ ఏడు మోకాలిలోతు బురద వుండవచ్చు. నిరుడు లోతుగా వున్న బండ ఈ ఏడు తెడ్డుకు తగలవచ్చు. కాబట్టి మొదటి ప్రశ్న ఇది: ఈవారం మట్టమెంత, ఏ ర్యాంపు తెరిచివుంది? నేషనల్ పార్కు ఆఫీసుకు ఫోను చేస్తే రెండు నిమిషాల్లో చెప్తారు.

మట్టం తగ్గినప్పుడు పైకి వచ్చేవి బండలు మాత్రమే కాదు. లేక్ మీడ్ ఉత్తరపు కొమ్మలో సెంట్ థామస్ అనే ఊరుండేది. 1865లో వెలసింది. నీరు ఇంటి గడపదాకా వచ్చాక, 1938లో చివరి మనిషి పడవెక్కి వెళ్లిపోయాడు. 2000 తరువాత సరస్సు తగ్గేసరికి ఆ ఇళ్ల పునాదులు బయటపడి, ఇప్పుడు జనం నడిచి వెళ్లి చూస్తున్నారు. మన శ్రీశైలం నీళ్లలో సంగమేశ్వరం గుడి గుర్తుంది కదా! ఏడాదిలో ఎక్కువ నెలలు స్వామి నీటిలోనే వుంటాడు. మట్టం బాగా తగ్గినప్పుడు గుడి తేలి, పూజలు మొదలవుతాయి. పడవలో పోతున్నప్పుడు మన కింద వున్నది ఉత్త నీరు కాదు, ఒకరి ఊరు అని తెలిసి పోవడం మంచిది. అక్కడ కనిపించిన పెంకుముక్క గాని, పాత సీసా గాని జేబులో వేసుకుని రావడం చట్టప్రకారం నేరం కూడా.

మూడు దారులు

మొదటిది, కొత్తవాళ్లకు తగినది: విల్లో బీచ్ నుంచి ఎమరాల్డ్ కేవ్. హూవర్ డ్యాముకు దిగువన కొలరాడో నది బ్లాక్ కేన్యన్ అనే నల్లరాతి లోయలో పారుతుంది. పేరుకు నది గాని, దిగువన 1951లో పూర్తయిన డేవిస్ డ్యాము ఆపిన నీరు ఇక్కడిదాకా నిలిచి వుంటుంది. ఆ సరస్సు పేరు లేక్ మొహావి. లాస్ వేగాస్ నుంచి గంట ప్రయాణంలో అరిజోనా ఒడ్డున విల్లో బీచ్ వుంది. అక్కడ పడవలు అద్దెకిస్తారు. ఎగువకు సుమారు రెండు మైళ్లు పోతే చిన్న గుహ వస్తుంది. మధ్యాహ్నం తిరిగే వేళకు ఎండ నీళ్ల మీద పడి, లోపలి రాతిగోడ పచ్చ మరకతంలా వెలుగుతుంది. దారిలో 1930లలో నది కొలతలు తీసిన ఉద్యోగి రాకపోకలకు కొండ మీద కట్టిన నడకదారి, తీగ మీద వేలాడే డబ్బా కనిపిస్తాయి. పోనురానూ నాలుగు మైళ్లు. మన లెక్క ప్రకారం రెండు గంటల తెడ్డు, గంట విశ్రాంతి. గుహ వెలుగు కోసం మధ్యాహ్నందాకా ఆగడమా, గాలి లేనప్పుడే తిరిగిరావడమా అన్న పేచీ వస్తే తిరిగిరావడమే మేలు. చలికాలంలో అరిజోనా గడియారం నెవాడా కంటే గంట ముందుంటుంది. వేగాస్ టైము చూసుకుని బయల్దేరితే అద్దె పడవ వేరేవారికి పోతుంది.

రెండోది, ఒకటి రెండుసార్లు తెడ్డు పట్టినవాళ్లకు: హూవర్ డ్యాము అడుగు నుంచి విల్లో బీచ్‌దాకా పన్నెండు మైళ్లు. ఆ దిగువ ఎల్డొరాడో కేన్యన్‌దాకా ముప్ఫై మైళ్ల దారిని 2014లో జాతీయ జలమార్గంగా గుర్తించారు. డ్యాము అడుగుదాకా సొంత కారులో వెళ్లనివ్వరు. అనుమతిపొందిన కంపెనీల ద్వారా పర్మిటు తీసుకుని వారి బండిలో వెళ్లాలి. పొద్దున నించి సాయంత్రందాకా పట్టే దారి. మధ్యలో ఒడ్డున వేడినీటి బుగ్గలున్నాయి. వాటిలో కూర్చోవచ్చు గాని తల ముంచవద్దు, ముక్కులోకి నీరు పోనివ్వవద్దు. వెచ్చటి నీటిలో వుండే ఒకరకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణాంతకమని పార్కువారే బోర్డులు పెట్టారు. మన పిల్లలకు ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకునే అలవాటు వుంది కనుక ఇది ముందే చెప్పాలి.

ఈ దారిలో ఇంకొక విశేషం. డ్యాములో కరెంటు అవసరం పెరిగినప్పుడు నీరు ఎక్కువ వదులుతారు. లోయలో మట్టం కొన్ని గంటల్లోనే అడుగుల లెక్కన పెరుగుతుంది. ఇసుక మీదికి లాగి వదిలేసి, బుగ్గకు వెళ్లివచ్చేసరికి పడవ తనంతట తాను ప్రయాణం కట్టి వుంటుంది. ఏరు దాటాక తెప్ప తగలేయడం ఎరుగుదుం గాని, ఏరు దాటకముందే తెప్ప పోగొట్టుకోవడం మరీ అన్యాయం. పడవను పైకి మోసుకుపోయి రాతికో చెట్టుకో కట్టాలి.

మూడోది లేక్ పవెల్‌లో, అరిజోనాలోని పేజ్ ఊరి దగ్గర. ఏంటిలోప్ కేన్యన్ ఫోటోలు కేలండర్లలో చూసే వుంటారు. ఎర్రరాతి గోడలు గుడ్డ మడతల్లా వుంటాయి. నేవహో ప్రజల భూమిలో వున్న ఆ భాగానికి వారి గైడుతోనే వెళ్లాలి. అదే లోయ కింది కొస సరస్సులో కలుస్తుంది. ఏంటిలోప్ పాయింట్ ర్యాంపు నుంచి సుమారు మైలు దూరం సరస్సు వెంబడి పోయి, లోయలోకి తిరిగితే గోడలు రెండువైపులా దగ్గరగా వస్తూ వుంటాయి. నీరెక్కడిదాకా వుంటే అక్కడిదాకా తెడ్డు, ఆపైన నడక. నీరెక్కడిదాకా వుంటుందో ఆనాటి మట్టాన్ని బట్టి. ఆ మొదటి మైలులో పెద్ద మోటారు పడవలు తిరుగుతాయి. వాటి అలలు రాతిగోడలకు కొట్టి వెనక్కి వస్తాయి. అల వస్తుంటే పక్కనుంచి తగలనీయక, ముక్కు దానివైపు తిప్పాలి. పెద్ద పడవలు లేవని పొద్దున్నే ఈ ముక్క దాటడం మంచిది.

మెత్తని రాతిలోయల్లో ఇంకొక భయముంది. 1997 ఆగస్టు 12న ఏంటిలోప్ కేన్యన్ కింది భాగంలో పదకొండుమంది యాత్రికులు వరదలో కొట్టుకుపోయి మరణించారు. వాళ్ల నెత్తిన వాన పడలేదు. మైళ్ల దూరంలో ఎక్కడో ఉరుములతో కురిసిన నీరు ఆ ఇరుకుదారిలోకి వచ్చింది. కాబట్టి జూలై నుంచి సెప్టెంబరుదాకా మన మీద ఎండ కాస్తున్నా, చుట్టుపట్ల వాన సూచన వుంటే లోయ చివరకు పోయి నడక మొదలుపెట్టకూడదు.

కాలిఫోర్నియాలో బంధువులున్నవారికి కొసరుగా ఒకటి: మోనో లేక్. యోసెమిటీకి తూర్పువైపు దిగితే వస్తుంది. ఇది డ్యాము కట్టి నిలిపినది కాదు, సహజమైన ఉప్పు సరస్సు. సముద్రం కంటే ఉప్పు రెండు రెట్లకు పైగా ఎక్కువ. 1941 నుంచి లాస్ ఏంజెలిస్ నగరం దీనిలోకి వచ్చే వాగుల నీటిని మళ్లించుకుపోతే మట్టం పడిపోయి, నీటి అడుగున వుండే సున్నపురాతి స్తంభాలు బయటపడ్డాయి. 1994లో రాష్ట్రపు నీటి బోర్డు, మట్టం 6,392 అడుగులకు పెరిగేలా చూడాలని తీర్పు చెప్పింది. ఇంకా అంతకు చేరలేదు. ఆ స్తంభాల మధ్య పొద్దున్న పడవలో తిరగడం ఒక అనుభవం. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 1 వరకు పక్షులు గుడ్లు పెట్టే కాలం గనుక దీవుల దగ్గరికి మైలు లోపల పోరాదు.

గాలి, చలి, ఎండ

ఎడారి సరస్సు పొద్దున్న ఆరింటికి అద్దంలా వుంటుంది. నిండుకుండ తొణకదన్న సామెత అప్పుడు నిజమనిపిస్తుంది. పదీ పదకొండు అయ్యేసరికి రాళ్లు వేడెక్కుతాయి, గాలి లేస్తుంది. అడ్డం లేని విశాలమైన నీటి మీద గాలి ఎంత దూరం పరుగెత్తితే అల అంత పెద్దదవుతుంది. లేక్ మీడ్ నడిమధ్యలో వున్నవాళ్లకు అరగంటలో సముద్రం ఎదురవుతుంది. ఇప్పుడు మన లెక్క గుర్తుచేసుకోండి. గంటకు రెండు మైళ్లు పోయే పడవకు గాలి ఎదురైతే అది వున్నచోటే వుంటుంది. చేతులు ఆడుతూనే వుంటాయి, ఒడ్డు మాత్రం దగ్గరపడదు. అందుకే మూడు సూత్రాలు. ఒడ్డుకు ఈదగలిగినంత దూరంలో, ఈత రానివాళ్లయితే నిలబడగలిగినంత లోతులో వెళ్లాలి. అడ్డదారి అని ఖాతాన్ని నడిమధ్యగా దాటకూడదు. పోయేటప్పుడు గాలికి ఎదురుగా పోవాలి. అలసిపోయి వచ్చేటప్పుడు అదే మనల్ని ఇంటికి తోస్తుంది.

చలి సంగతి చాలామందికి నమ్మశక్యం కాదు. వేగాస్‌లో 110 డిగ్రీల ఎండ కాస్తున్న రోజున కూడా హూవర్ డ్యాము దిగువన నీరు 55 డిగ్రీల లోపునే వుంటుంది. డ్యాము లోతుల నుంచి వదిలే నీరు కనుక సంవత్సరమంతా అంతే. పైన మాడే ఎండ, కింద ఐసునీరు. అందులో హఠాత్తుగా పడితే మనిషికి తెలియకుండానే గుండె అదిరి పెద్ద ఊపిరి పీల్చుకుంటాడు. ఆ ఊపిరి నీటి కింద పీల్చాడో, అంతే. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా ఒడ్డుకు పది గజాల్లో పోవడానికి కారణం ఇదే. చన్నీటి ప్రమాదాల గురించి నేర్పేవారు ఒక లెక్క చెప్తారు: మొదటి ఒక్క నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి, తరువాత పది నిమిషాలు మాత్రమే చేతులూ కాళ్లూ మాట వింటాయి, స్పృహ తప్పడానికి గంటదాకా పట్టవచ్చు. ఆ మొదటి నిమిషంలో తల పైన వుంచేది ఈత కాదు, జాకెట్టు.

అందుచేత జాకెట్టు పడవలో వుండడం వేరు, ఒంటి మీద వుండడం వేరు. చట్టం మనిషికొకటి పడవలో వుంటే చాలునంటుంది. పెద్దవాళ్లకు తొడుక్కోవడం చాలాచోట్ల వారి ఇష్టానికి వదిలేస్తుంది. మనం వదలకూడదు. పడిపోయాక నీళ్లలో జాకెట్టు తొడుక్కోవడమంటే, కారు గుద్దుకున్నాక బెల్టు పెట్టుకోవడం లాంటిది. ఉక్కగా వుందనీ, ఫోటోలో చీర కనపడదనీ, “నాకు ఈత వచ్చులే” అనీ తీసేయకూడదు. చీర మాట వచ్చింది గనుక ఆడవారికి ఒక మనవి: ఆ రెండు గంటలకు చీరను, చున్నీని హోటల్లో వుంచిరండి. నీటిలో తడిసిన ఆరు గజాలు కాళ్లకు చుట్టుకుంటే ఎవరూ విడదీయలేరు. తాతగారి పంచె సంగతీ అంతే.

జాకెట్టు కొలత కూడా చూసుకోవాలి. తొడిగి, పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. పెద్దవాళ్లది పిల్లలకు వేస్తే పిల్ల కిందికి, జాకెట్టు పైకి పోతాయి.

ఎండకు మంచినీళ్లు మనిషికి ఒక గ్యాలను, టోపీ, పొడుగు చేతుల చొక్కా. ఓక్ ట్రీ రోడ్డులో కొన్న జంతికలు, చేగోడీలు బాగానే వుంటాయి గాని ఉప్పువి తిన్నకొద్దీ నీళ్లు మరిన్ని కావాలి; పెరుగన్నం మంచిది. ఫోను తడవని సంచిలో పెట్టండి, కాని లోయల్లో అది మోగుతుందని నమ్ముకోకండి. ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి తిరిగివస్తారో ఒడ్డున వున్నవారికి చెప్పి కదలండి. ఇక తిరిగివచ్చాక: 2007లో లేక్ మీడ్‌లో క్వాగా అనే చిన్న గుల్లచేప కనిపించింది. పడవకు అంటుకుని ఒక సరస్సు నుంచి ఇంకొకదానికి పాకుతుంది, గొట్టాలు మూసేస్తుంది. సొంత పడవ వున్నవారు కడిగి, నీరు వంపి, పూర్తిగా ఆరబెట్టి గాని వేరేచోట దింపకూడదు.

ముందు ఇంటి దగ్గర

రెండువేల మైళ్లు ఎగిరివెళ్లి అక్కడ తెడ్డు పట్టడం నేర్చుకోవాలనుకోవడం, పెళ్లిపీటల మీద మంత్రాలు నేర్చుకోవడం లాంటిది. మన దగ్గరే అభ్యాసానికి చోటుంది.

అన్నిటికంటే తేలిక డెలవేర్ – రారిటన్ కాలువ. 1834లో బొగ్గు పడవల కోసం పూర్తిచేశారు. 1974 నుంచి స్టేట్ పార్కు. బోర్డెన్‌టౌన్ నుంచి న్యూ బ్రన్స్‌విక్‌దాకా నలభై నాలుగు మైళ్ల ప్రధాన కాలువ. కింగ్‌స్టన్, గ్రిగ్స్‌టౌన్ దగ్గర దిగవచ్చు. ఇరుకైన నీరు, చెట్ల నీడ, రెండువైపులా ఒడ్డు చేతికందేటట్టు వుంటుంది. మన మధ్య జెర్సీ కుళాయిల్లోకి వచ్చే నీటిలో దీని వాటా వుంది కనుక చెత్త వేయకండి.

కాలువలో చేయి తిరిగాక స్ప్రూస్ రన్ రిజర్వాయరు. ఎడిసన్ నుంచి 287, 78 రోడ్ల మీద గంట లోపల చేరవచ్చు. విశాలమైన నీటి మీద గాలి ఎలా ప్రవర్తిస్తుందో ఒడ్డు వెంబడి పోతూ చూసుకోవచ్చు. దాని పక్కనే రౌండ్ వేలీ వుంది. అది ఇంకా పెద్దది: 5,500 కోట్ల గ్యాలన్ల నీరు, 180 అడుగుల లోతు. 1960లలో ఒక లోయలోని పొలాలనూ ఇళ్లనూ ఖాళీచేయించి కట్టారు. చిన్న వాగులతో నిండేది కాదు గనుక రారిటన్ నది నుంచి పంపులతో నీరెక్కిస్తారు. చూడడానికి కొండల మధ్య పటంలా వుంటుంది. కాని 1971 నుంచి ఇరవైమందికి పైగా అందులో మునిగిపోయారు. వారిలో ఆరుగురి శవాలు దొరకనే లేదు. లోతు, చలి, వున్నట్టుండి లేచే గాలి: పైన చెప్పిన ఎడారి సరస్సుల లక్షణాలన్నీ మన ఇంటికి నలభై నిమిషాల దూరంలో వున్నాయన్నమాట. కాబట్టి ఇవి అమెరికా పడమటివారి భయాలని అనుకోనక్కరలేదు. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో ఎండ చూసి వేసవి వచ్చిందనుకుంటాం. నీరు మాత్రం ఇంకా ఫిబ్రవరిలోనే వుంటుంది. గాలి వేడిని బట్టి కాక నీటి చలిని బట్టి బట్టలు వేసుకోవాలి.

ఇంకొక మాట, కొంచెం చనువు తీసుకుని. మన పిల్లలందరికీ ఈత నేర్పించాం. శనివారం పొద్దున వై.ఎం.సి.ఎ. కొలను దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడని తల్లిదండ్రులు ఎవరు? కాని ఆ తువ్వాలు పట్టుకున్న చేతుల్లో సగం చేతులకు ఈత రాదు. మన తరంలో కాలువగట్టున పుట్టినవాళ్లకు తప్ప, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఎవరూ నేర్పలేదు. పిల్లవాడు పడితే దూకే తండ్రికి ఈత రాకపోతే ఒక ప్రమాదం రెండవుతుంది. పెద్దవాళ్లకు వేరే క్లాసులున్నాయి. నలభై ఏళ్ల వయసులో నేర్చుకోవడానికి సిగ్గుపడవలసినదేమీ లేదు. పడినవారికి తెడ్డు అందించడం, తాడు విసరడం, ఒడ్డు నుంచి కేకవేసి ధైర్యం చెప్పడం ముందు. నీళ్లలోకి దూకడం అన్నిటికంటే ఆఖరు.

ఇండియా వెళ్లినప్పుడు

వేసవిలో ఇంటికి వెళ్లేవారు నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ దీవికి వెళ్లి రావచ్చు. 1954 నుంచి 1960దాకా తవ్వకాలు జరిపి, మునిగిపోనున్న లోయలోని బౌద్ధ కట్టడాలను కొన్నిటిని కొండమీదికి, కొన్నిటిని అనుపుకు తరలించి నిలబెట్టారు. రాయలసీమవైపు వెళితే గండికోట చూడండి. పెన్న నది కోసిన ఎర్రరాతి లోయ, కోట గోడ మీంచి చూస్తే అరిజోనా ఎందుకు వెళ్లామా అనిపిస్తుంది. ఎక్కడ పడవ ఎక్కినా మొదట అడగవలసినది జాకెట్టు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవలు మునిగి ఎన్ని ఇళ్లు చీకటైపోయాయో మనకు తెలుసు. “మేం అమెరికా నుంచి వచ్చాం, మరీ చాదస్తం” అని నవ్వేవాళ్లుంటే నవ్వనివ్వండి. జాకెట్టు లేకపోతే ఒడ్డున నిలబడి చూసినా సాగర్ అందంగానే వుంటుంది.

ఈ వేసవిలో పడమటికి వెళ్లే సభ్యులు తాము చూసిన మట్టం, ర్యాంపుల సంగతి, అద్దెల వివరాలు ఒక పేజీకి మించకుండా రాసి పంపితే తరువాతి సంచికలో వేస్తాం. వెనుక వెళ్లేవారికి పనికివస్తుంది. కాలువ మీద అభ్యాసానికి నాలుగు కుటుంబాలు కలిసి బయల్దేరే ఆలోచన వుంటే ఈ నెల సమావేశంలో చెప్పండి. పులిహోర ఎవరు తెస్తారో ఆ తరువాత తేల్చుకోవచ్చు. జాకెట్లు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి.